గడప కాడ చెప్పులు

11-11-2024, సోమవారం

ముందు అందరి క్షేమం అడుగుతా. రాత్రి బడిలో నాకు నేర్పించింది జాబు రాసేదొక్కటే. పుస్తకంలో తనకు తాను రాసుకునేది ఎట్లో తెల్దు. జాబు మాదిరే మొదలుపెడతాండా.

ఈశ్వరీ, నా కూతురా, నీ నడుము నొప్పి తగ్గిందా? అంగన్‌వాడిలో బియ్యం మూట ఒక్కదానివే ఎత్తబాక అంటే వినవు. రేపు పొద్దు మంచాన పడితే నాకు దిక్కెవురు? మేకా, నీ పొదుగు వాపు ఎట్లుండాది? ఈ పొద్దు గూడా పసుపు పూసినా. సావుకారి నరసింహప్పా, మిల్లుకు బీగం పడినప్పట్నుంచి నువ్వు సరిగ్గా తినడం లేదంట, షుగరు మనిషివి, అట్ల చేయబాక. ఇమాంసాబూ, బీపీ మాత్ర మర్చిపోకుండా మింగుతాండావా? ఫాతిమాబీ, నీ మోకాళ్ళు?

గౌతమీ

ఆ పేరు రాసి లేచి పోయినా. వాకిలి ఊడ్చినా. ఊడ్చిన వాకిలే మల్ల ఊడ్చినా.

పోయిన బుధవారం మిల్లులో శెనక్కాయలు ఒలిచే మిషను బెల్టులో గౌతమి కుడి చెయ్యి పడింది. మూడు వేళ్ళు తీసేసినారు. అనంతపురం ఆసుపత్రిలో ఉండాది. ఇరవై ఆరేండ్ల పిల్ల. ఆ పిల్లకొక పిల్ల, ఇంకా బడికి పోయే వయసు గూడా రాలేదు.

ఇంతే. రాసినా కదా.

12-11-2024

ఈ పొద్దు ఏమీ జరగలేదు. సంగటి తిన్నా. రవ్వంతే.

13-11-2024, బుధవారం

వారమైంది. ఎస్సై వచ్చినాడు. మిల్లు వసారాలో కుర్చీ వేసుకోని ఒక్కొక్కర్నే పిలిచినాడు. ఆయప్ప అడిగింది ఒకటే మాట. ఆగిన మిషను మల్ల వెయ్యమని ఎవురు చెప్పినారు? ఎవురు, ఎవురు అని మూడు తూర్లు అడిగినాడు.

నాకు తెల్దు సార్, నేను గడప కాడ కూచోని రాళ్ళు ఏరతాంటి అని చెప్పినా.

స్విచ్చి వేసేది ఇమాంసాబు. పదకొండేండ్లుగా ఆయప్పే. పక్కనే నిలబడుకోని నా మాట విన్నాడు. తలకాయ గోక్కున్నాడు అంతే.

సాయంత్రం నరసింహప్ప అందరి ముందరా ఆయప్పను ఇంగ రాబాక అన్నాడు. "గమనం లేని మనిషివైతివి, ఇంట్లో కూచోని మనవళ్ళను ఆడించుకో పో" అన్నాడు. ఇమాంసాబు గోడకు తగిలించిన తన తువాలు తీసుకోని పాయ.

నేను నా చెప్పులు తొడుక్కోని ఇంటికొచ్చినా.

15-11-2024

పౌర్ణమి. ఈశ్వరి దీపాలు ముట్టించను పోతా నన్ను గూడా రమ్మనింది. మోకాళ్ళు నొప్పులన్నా. మోకాళ్ళు బాగానే ఉండాయి.

రాళ్ళు ఏరతాంటి అనేది అబద్ధం కాదు. ఏరతాంటి.

17-11-2024, ఆదివారం

ఇమాంసాబు ఇంటికొచ్చినాడు. సైకిలు స్టాండు వేసే సద్దు విని నేను మేక కొట్టంలోకి పోయి దాక్కుంటి. అరవై ఎనిమిదేండ్లు నాకు. మేక ఎనక దాక్కుంటి.

ఈశ్వరి పిలిస్తే రాక తప్పలేదు. టీ ఇచ్చింది. ఆయప్ప మా ఆయన ఉన్నప్పట్నుంచీ ఈ ఇంట్లో టీ తాగిన మనిషి. గ్లాసు చేత్తో తిప్పుతా శానాసేపు వానల గురించి, ఈ ఏడు కాయల్లో పప్పు పట్టకపోయిన దాని గురించి చెప్పినాడు. నేను ఊఁ కొడతాండా. ఈశ్వరి లోపలికి పోయినాక గొంతు తగ్గించి అడిగినాడు.

"రామక్కా, ఒక మాట. ఆ పొద్దు నువ్వు 'వెయ్యప్పా' అన్నావా, నాకే అట్ల వినపడిందా?"

ఆయప్ప అడిగిన తీరు నన్ను నిలదీసినట్లు లేదు. డాక్టరును అడిగినట్లుండాది. ఎస్సై వచ్చినప్పట్నుంచీ అదే ఆలోచన అంట. గోడ అవతల నిలబడుకోనుంటే ఆడమనిషి గొంతు వినపడిందంట, నాదే అనుకున్నాడంట. ఇప్పుడు చూస్తే ఎవురూ అనలేదంటాండారు. మిషను సద్దులో పడి పడి చెవులు చెడిపోయినాయేమో, లేని మాటలు వినపడతాండాయేమో అని భయపడతాండాడు. వాళ్ళ నాయనకు ముసలితనంలో అట్లే అయిందంట, చచ్చిపోయినోళ్ళు పిలుస్తాండారని లేచి పోతాండెనంట.

నేనేమన్నానంటే, నాకు జ్ఞాపకం లేదు ఇమాంసాబూ అన్నా.

ఆయప్ప తల ఊపినాడు. "నీకు జ్ఞాపకం లేదంటే అనలేదనే లెక్క. నువ్వు పిన్నీసు పోతే పది దినాలు వెతికే మనిషివి" అని నవ్వినాడు. టీ పూర్తిగా తాగకనే పాయ.

ఆ గ్లాసు నేను కడగలేదు. ఈశ్వరి కడిగింది.

19-11-2024

ఈశ్వరి అంగన్‌వాడికి పోయింది. తలుపు వేసుకోని రాస్తాండా. దేవుడి ముందర చెప్పలేకపోయినా. కాయితం మీదైనా చెప్పల్ల.

మిషను ఉండే గది నేలంతా కాయలు, పప్పులు. వాటి మీద చెప్పులతో నడిస్తే లక్ష్మిని తొక్కినట్లు. మా మిల్లులో హిందువులైనా సాయిబులైనా ఏసును నమ్ముకున్నోళ్ళైనా, ఎవురైనా సరే, ఆ గడప కాడ చెప్పులు ఇడిసే లోపలికి పోతారు. బయటికొస్తే తొడుక్కోకుండా ఉండలేరు, వాకిలంతా గరుసు రాళ్ళు, జాలిముండ్లు. గడప కాడ చెప్పులు ఉంటే లోపల మనిషి ఉన్నట్లు. లేకపోతే లేనట్లు. ఇది ఎవురూ నేర్పించింది కాదు. అట్ల అలవాటైపోయింది.

కాయల్లో మన్నుగడ్డలు, తీగలు వస్తే కింద గుంతలో బెల్టు పట్టేస్తాది. ఇమాంసాబు స్విచ్చి ఆపుతాడు. ఆడోళ్ళు ఇద్దరు లోపలికి పోయి చేతులతో లాగేస్తారు. స్విచ్చి గోడ అవతల. ఆడినుంచి మిషను కనపడదు. గడప కాడ కూచునేది నేను. చెప్పులు చూసి, లేవంటే "వెయ్యప్పా" అని కేకేస్తా. ఆయప్ప వేస్తాడు.

ఆ పొద్దు రామాంజినమ్మ, గౌతమి పోయినారు. రామాంజినమ్మ బయటికొచ్చి చెప్పులు తొడుక్కోని నీళ్ళు తాగను పోయింది. గడప చూసినా. ఖాళీ. వెయ్యప్పా అన్నా.

నేనే అన్నా. నేనే అన్నా.

గౌతమి మిషను ఎనక గుంతలో వంగుకోని ఉండాది. గడప కాడ ఆ పిల్ల చెప్పులు యాడినుంచి వస్తాయి? కార్తీకమంతా చెప్పులు వేసుకోనని మొక్కుకునింది. దసరాకు ముందు బిడ్డకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంటే మొక్కుకునింది. నాలుగు దినాలుగా ఉత్త కాళ్ళతోనే వస్తాంది. ముల్లు గుచ్చుకుంటే నేనే పిన్నీసుతో తీసినా.

ఆ మొక్కు మొక్కుకోమని చెప్పింది ఎవురు?

నేను.

మొదటి మూడు దినాలు జ్ఞాపకంగా పిలిచినా. "గౌతమీ, బయటికొచ్చినావా?" అని. ఆ పిల్ల "ఓ" అనినాకే కేకేసినా. నాలుగో పొద్దు పిలవలేదు. పొద్దున మేకకు పొదుగు వాచి పాలు పిండనియ్యలేదు. గట్టిపడిపోతాదేమో, చచ్చిపోతాదేమో అని ఆలోచిస్తాంటి. ఇంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండు అని వెతికినా. లేదు.

వానకు భయపడతా, పాముకు భయపడతా, ఈశ్వరి పది నిమిషాలు ఆలస్యమైతే బస్సు పడిపోయిందని ఏడుస్తా. ఊరంతా నన్ను నవ్వుతారు. అన్నిటికీ భయపడేదాన్ని, భయపడాల్సిన ఆ ఒక్క నిమిషం మేకకు భయపడినా.

22-11-2024, శుక్రవారం

రేషను కాడ ఇమాంసాబు పెండ్లాం ఫాతిమాబీ కనపడింది. మొగుణ్ణి ధర్మవరంలో చెవుల డాక్టరు కాడికి పిలుచుకోని పోయినారంట. చెవులకు ఏదో తగిలించి, సద్దు వినపడితే చెయ్యెత్తమన్నారంట. అన్నిటికీ ఎత్తినాడంట. చెవులు బాగుండాయి, ఈ వయసుకు ఇంత బాగుండేది అరుదు అన్నాడంట డాక్టరు.

మంచిదే కదమ్మా అన్నా.

"ఏం మంచిది అక్కా" అనింది. చెవులు చెడిపోయినాయంటే చెవిలో మిషను పెట్టుకుంటాడు. చెవులు బాగుండాయంటే తలకాయే చెడిపోయిందని కూచున్నాడు. మసీదుకు గూడా పోవడం లేదంట. రోడ్డు మీద ఎవురైనా పిలిస్తే పలకడంట, నిజంగా పిలిచినారో లేదో అని.

బియ్యం సంచి కిందనే పెట్టి నిలబడుకోనుంటి. ఫాతిమాబీనే ఎత్తి నా నెత్తిన పెట్టింది.

23-11-2024

రేపు పోయి చెప్తా.

24-11-2024

పోలేదు.

26-11-2024, మంగళవారం

ఫ్యాక్టరీలు చూసే ఆఫీసరమ్మ వచ్చింది. కృపాకుమారి అని పేరు. నలభై ఏండ్లుంటాయి, జీన్సు ప్యాంటు, పైన చుడిదారు టాపు. నరసింహప్ప కుర్చీ వేయిస్తే కూచోలేదు. గోనె సంచి మీద కూచునింది.

ఎవురు చెప్పినారు అని అడుగుతాది కదా అని నేను పొద్దున్నుంచీ "రాళ్ళు ఏరతాంటి" అని మనసులో అనుకుంటానే ఉండా. ఆయమ్మ ఎవురు అనే మాటే ఎత్తలేదు. మిషను ఆగినప్పట్నుంచీ మల్ల తిరిగేదాకా ఎట్లెట్ల జరుగుతాదో నాకు చేసి చూపించండి అనింది. ఫ్యూజు పీకి తన సంచిలో వేసుకునింది. ఆ పొద్దు ఉన్నోళ్ళందరూ ఎవురి తావులో వాళ్ళు ఉండల్ల అనింది. ఇమాంసాబును గూడా పిలిపించింది. ఆయప్ప నన్ను చూడలేదు, గోడ అవతలికి పోయి నిలబడినాడు.

రామాంజినమ్మ లోపలికి పోయింది. గౌతమి బదులు ఆఫీసరమ్మే చెప్పులు దూరంగా ఇడిసి గుంత తావుకు పోయింది. నేను గడప కాడ చాట పెట్టుకోని కూచుంటి. రామాంజినమ్మ బయటికొచ్చింది, తొడుక్కునింది, పాయ. నేను గడప చూసినా.

"వెయ్యప్పా."

నేను అనాలనుకోని అనలేదు. నోరు అనేసింది. నాలుగేండ్ల అలవాటు. ఖాళీ గడప కనపడితే నోట్లోంచి వచ్చేస్తాది.

గోడ అవతలినుంచి ఇమాంసాబు వచ్చినాడు. పరిగెత్తలేదు, మెల్లగా వచ్చినాడు. నా ముందర నిలబడి, "ఇదే మాట. ఇదే గొంతు" అన్నాడు. నా తట్టు చూసి కాదు, తనకు తాను చెప్పుకున్నట్లు.

అప్పుడు గూడా నేను గమ్మునుండచ్చు. ఈ పొద్దు ఏదో అలవాటుగా అన్నాను, ఆ పొద్దు అనలేదు అని చెప్పచ్చు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చిందని రాయకపోతే ఈ పుస్తకం గూడా అబద్ధమే.

"ఆ పొద్దు గూడా నేనే అన్నా. ఎస్సైతో అబద్ధం చెప్పినా. నీతో గూడా" అన్నా.

నరసింహప్ప అందుకున్నాడు. పదైదు మంది ప్రాణాలు ఈ ముసలిదాని కండ్ల మీద పెట్టుకోనుంటిమా అన్నాడు. ఆఫీసరమ్మ గుంత తావునుంచి లేచి వచ్చి, "అవునప్పా, పెట్టింది నువ్వే కదా" అనింది. ఈ గోడ ఎప్పుడు కట్టినారని అడిగింది. నాలుగేండ్లైంది, స్విచ్చిబోర్డు మీద దుమ్ము పడి మోటరు కాలిపోతాంటే కట్టినా అన్నాడు. దానికి ముందు ఇమాంసాబుకు మిషను కనపడతాండె. ఎవురూ కేకెయ్యాల్సిన పని లేకుండె. ఆ మాట ఇన్నేండ్లలో మాలో ఒక్కరికీ తట్టలేదు.

దినానికి ఎన్ని తూర్లు ఆగుతాదని అడిగింది. పది, పదైదు. ఒక్క తూరి గూడా మర్చిపోని మనిషిని నేనింతవరకూ చూడలేదు అనింది. మనిషి మర్చిపోతాడు, నిద్రపోతాడు, ఇంట్లో బాధలు మోసుకోని పనికొస్తాడు. అది ముందే తెలిసిన సంగతి. తెలిసీ, మర్చిపోతే చెయ్యి పోయేటట్లు మిషను పెట్టుకోవడమే తప్పు అనింది.

ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. గుండెల మీద బండ తీసినట్లాయ.

ఇంటికొచ్చినాక అదే సిగ్గనిపించింది. ఆయమ్మ చెప్పింది చేతిని గురించి. ఇమాంసాబును పదమూడు దినాలు పిచ్చోణ్ణి చేసింది గోడ కాదు, గడప కాదు. అది నేను తెలిసి చేసింది.

27-11-2024

ఎస్సై కాడికి పోయి మార్చి చెప్పినా. ఈశ్వరి తోడొచ్చింది. వేలిముద్ర వెయ్యి అన్నాడు. సంతకం వస్తాది సార్ అన్నా.

దావంతా ఈశ్వరి నాకన్నా ముందు నడిచింది. ఇంటి కాడికొచ్చినాక ఒకే మాటనింది. ఇమాంసాబు నిన్ను అడగనొచ్చిన పొద్దు టీ నేనే ఇచ్చినా కదమ్మా, అని.

29-11-2024

ఇమాంసాబు ఇంటికి పోయినా. ఫాతిమాబీ తలుపు తీసి, లోపలికి చూసి, మల్ల నన్ను చూసి, పండుకున్నాడు అనింది. లోపల రేడియో మోగుతాంది. ఆయప్ప దగ్గు గూడా వినపడింది.

తిరిగొచ్చేసినా. నేను దాక్కున్నింది మేక ఎనక. ఆయప్ప తన ఇంట్లో తాను కూచున్నాడు.

2-12-2024, సోమవారం

ఆఫీసరమ్మ మల్ల వచ్చింది. గోడ పడగొట్టించేసినారు. దుమ్ము పడకుండా స్విచ్చికి ఇనుప డబ్బా పెట్టించినారు. బెల్టు మీద జాలీ. డబ్బాకు బీగం వెయ్యల్ల, బీగం ఉంటే స్విచ్చి పైకి లేవదు. బీగంచెవి ఎవురి తావ ఉండల్ల అనేదాని కాడ గొడవ మొదలైంది. నరసింహప్ప నా తావ అన్నాడు. నువ్వు టీకి పోతే మేము సాయంత్రం దాకా కూచోవల్లనా అనింది రామాంజినమ్మ. రామక్క తావ పెడితే సరి అని ఎవురో అంటే, "ఆ, ఇంగా ఏడు వేళ్ళుండాయి గౌతమికి" అనింది ఎనక ఒకామె. నేను చాట తట్టు చూస్తా కూచుంటి. అనాల్సిన మాటే.

ఆఫీసరమ్మ గౌతమికి ఫోను చేసి, అందరికీ వినపడేటట్లు పెట్టింది. ప్రమాదం తర్వాత ఆ పిల్ల గొంతు వినడం నాకదే మొదలు. సంగతంతా చెప్పి, ఎవురి తావ ఉంటే బాగుంటాదని అడిగింది.

"చెయ్యి లోపల పెట్టేదాని తావ" అనింది గౌతమి.

అంతే. ఎంత సులభంగా చెప్పేసింది. లోపలికి పోయే ప్రతి మనిషికీ ఒక బీగం, ఒక బీగంచెవి. ఇద్దరు పోతే ఇద్దరూ ఎవురి బీగం వాళ్ళు డబ్బాకు వేసి, బీగంచెవి కొంగున ముడేసుకోని పోవల్ల. రెండు బీగాలూ తీస్తేనే స్విచ్చి లేస్తాది. మర్చిపోయినా ఏమీ కాదు, మిషను తిరగదు అంతే. ఆడోళ్ళు బీగంచెవులు కొంగున ముడేసుకుంటా ఒకర్నొకరు చూసి నవ్వుకున్నారు, నువ్వు సావుకారమ్మ మాదిరి ఉండావే అని.

ఇంగ వెయ్యమని కేకేసే పని ఎవురికీ లేదు.

ఇమాంసాబు వచ్చినాడు పనికి. నరసింహప్పే పోయి పిలుచుకోనొచ్చినాడంట. నా ముందర్నుంచి పోతా "బాగుండావా" అన్నాడు. అక్కా అనలేదు.

4-12-2024, బుధవారం

పొద్దున గౌతమి ఫోను చేసింది. ఈశ్వరి నా చేతికిచ్చి బయటికి పాయ.

నేను ఏడుపు మొదలుపెడితే, ఏడవబాక, నాకు వినను ఓపిక లేదు అనింది. చెప్పేది వినమనింది. ఆ పొద్దు గుంతలో వంగుకోనున్నప్పుడు నా కేక ఆ పిల్లకు వినపడిందంట. 'నేను లోపల ఉండా' అని అరిచేలోపల బెల్టు తిరిగిందంట.

"నీ గొంతు నాకు తెలీదా అవ్వా? ఎస్సై వచ్చినాడు, మా ఆయన అడిగినాడు, మా అమ్మ అడిగింది. నేను చెప్పలేదు. నువ్వు చెప్తావేమో అని చూస్తాంటి."

ఇరవై దినాలు. ఆ నొప్పిలో ఆ పిల్ల పండుకోని నా కోసం ఎదురు చూస్తాంది. నేను మోకాళ్ళు నొప్పులని ఇంట్లో కూచోనుంటి.

మొక్కు సంగతి ఎత్తినా. నేనే కదా చెప్పింది అన్నా. ఆ పిల్ల మధ్యలోనే అందుకోని, మొక్కింది నా బిడ్డ కోసం, దాన్ని నీ లెక్కలో వేసుకోబాక, అది నాది అనింది.

క్షమించమని అడగను నోరు రాలేదు. అడిగితే ఆ పిల్ల ఏదో ఒకటి చెప్పాల్సొస్తాది. ఆ పని గూడా ఆ పిల్ల మీదనే పెట్టడమెందుకు? ఏమన్నా కావల్లనా తల్లీ అని మాత్రం అడిగినా.

కావల్ల అనింది. కట్టు మొత్తం విప్పే దినం వస్తాంది. ఇన్ని దినాలు డ్రెస్సింగు చేసేటప్పుడు కండ్లు మూసుకోనుండిందంట, చెయ్యి ఇంకా చూసుకోలేదంట. మొగునికి చూస్తే కండ్లు తిరుగుతాయంట. వాళ్ళమ్మ చూడలేనని ఇప్పట్నుంచే ఏడుస్తాందంట. లోపలికి తోడుగా ఒక మనిషి రావల్ల, పక్కన నిలబడుకోని తనతో పాటు చూడల్ల అనింది. ముఖం తిప్పుకునేటట్లైతే రాబాక అనింది.

నాకు నెత్తురు చూస్తే భయమని ఊరందరికీ తెలుసు. ఆ పిల్లకు గూడా తెలుసు.

తిప్పుకోను అన్నా.

పదకొండో తేదీ, బుధవారం. పది గంటలకు ఆసుపత్రి కాడ ఉండల్ల. ఎనిమిదింటి బస్సుకు పోతా.